అటక దిగిన కంప్యూటర్

తెలుగింట్లో ఏ వస్తువూ నేరుగా చెత్తకుండీకి పోదు. ముందు అటకెక్కుతుంది. పెళ్లినాటి ఇత్తడి బిందెలు, బొమ్మల కొలువు పెట్టె, రెక్క విరిగిన టేబుల్ ఫ్యాను, పిల్లాడి మూడు చక్రాల సైకిలు... వాటి పక్కనే పది పదిహేనేళ్లుగా ఇంకో సరుకు కూడా చేరుతోంది. పాత కంప్యూటర్! కొన్న రోజున దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దుమ్ము పడకుండా అంచు కుట్టిన గుడ్డ కప్పారు. ఇప్పుడు ఆ గుడ్డ మీదే వేలెడు మందాన దుమ్ము.

'అటకెక్కింది' అంటే ఇక దాని పని అయిపోయిందనే అర్థం. కానీ ఈమధ్య కొన్ని ఇళ్లలో కథ తిరగబడుతోంది. అటకెక్కిన కంప్యూటర్ కిందికి దిగుతోంది. ఇంటర్నెట్ రౌటర్ పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని రాత్రింబవళ్లు పనిచేస్తోంది. దానికి మానిటర్ ఉండదు, మౌసూ ఉండదు. పచ్చలైటు ఒక్కటి మినుకుమినుకుమంటూ ఉంటుంది. ఇంటిల్లిపాది ఫొటోలు, పాటలు, పుస్తకాలు, పాత మ్యాచ్‌ల వీడియోలు అన్నీ దాని కడుపులోనే. ఇంట్లో ఎవరి ఫోను నుంచైనా, టీవీ నుంచైనా చూసుకోవచ్చు. ఈ పద్ధతికి 'సెల్ఫ్ హోస్టింగ్' అని పేరు. సొంత ఇంట్లో సొంత సర్వర్ అన్నమాట.

అన్నీ ఉచితంగా దాచిపెట్టే పెద్ద కంపెనీలు ఉండగా ఈ తంటా ఎందుకు? అక్కడే ఉంది అసలు సంగతి.

ఆకాశంలో అద్దె గది

'క్లౌడ్' అన్న మాట వినగానే మన సామానంతా ఎక్కడో మబ్బుల్లో భద్రంగా ఉందనిపిస్తుంది. నిజానికి అక్కడ మబ్బూ లేదు, ఆకాశమూ లేదు. వేరే ఊళ్లో వేరేవాళ్ల కంప్యూటర్ ఉంది. అందులో మనకో గది ఇస్తారు. అద్దె కట్టినంత కాలం ఉండొచ్చు. ఉచితమైతే వాళ్లు ఉండనిచ్చినంత కాలం!

రీలు కెమెరా రోజుల్లో ఒక రీలుకు 36 ఫొటోలు. ఆచితూచి నొక్కేవారు. ఇప్పుడు ఫోనులో తీసే ఫొటో ఒక్కోటి 4 ఎంబీ అనుకున్నా, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో పట్టేవి 3,750. రోజుకు పది తీస్తే ఏడాది తిరిగేసరికి గది నిండిపోతుంది. అదీ ఈమెయిళ్లు, ఇతర ఫైళ్లు ఏమీ లేకపోతేనే. 2015లో గూగుల్ ఫొటోస్ మొదలైనప్పుడు, కాస్త కుదించిన ఫొటోలైతే ఎన్నయినా పెట్టుకోండి అన్నారు. 2021 జూన్ 1 నుంచి పెట్టే కొత్త ఫొటోలన్నిటికీ లెక్క మొదలైంది. ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఆ 15 జీబీ ఖాతాలోకే వచ్చింది. ఇందులో మోసం ఏమీ లేదు, ముందే చెప్పి చేశారు. కాకపోతే ఆరేళ్లుగా సర్దుకున్న సామాను ఒక్కరోజులో మరో ఇంటికి మార్చడం ఎవరి తరం? నెలనెలా డబ్బు కట్టడమే తేలికనిపిస్తుంది. అద్దె ఇంటి యజమానులకు తెలిసిన కిటుకే అది.

అద్దె పెరగడం ఒక బాధ. ఇల్లే కూలగొట్టడం ఇంకో బాధ. సొంత వెబ్ పేజీలు పెట్టుకోవడానికి లక్షలమంది వాడుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009 అక్టోబరులో మూసేసింది. ఒక తరం కాలేజీ కుర్రాళ్లు పగలూ రాత్రీ కబుర్లు చెప్పుకొన్న ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న ఆగిపోయింది. మైస్పేస్ అయితే మూసేయలేదు. సర్వర్లు మార్చే పనిలో పాత పాటలు, ఫొటోలు, వీడియోలు పోయాయని 2019లో చల్లగా చెప్పింది. 2003 నుంచి 2015 దాకా జనం పెట్టుకున్న సంగీతం అలా గాలిలో కలిసిపోయింది.

కొనుక్కున్న వస్తువుకైనా పూచీ ఉందా అంటే అదీ అనుమానమే. 2009 జులైలో కిండిల్ రీడర్లలోంచి జార్జ్ ఆర్వెల్ రాసిన రెండు నవలల ప్రతులు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. వాటిని అమ్మిన సంస్థకు హక్కులు లేవని తెలిసి, అమెజాన్ తన చోటు నుంచే వాటిని తుడిచేసింది. డబ్బు తిరిగిచ్చింది, తర్వాత క్షమాపణా చెప్పింది. తమాషా ఏమిటంటే ఆ రెండిట్లో ఒకటి '1984'. చరిత్రను చెరిపేసే ప్రభుత్వం గురించిన నవల! 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం ఎత్తేసినప్పుడూ కొన్నవాళ్లకు పైకం ముట్టింది. పుస్తకాల అంచుల్లో నోట్సు రాసుకున్నవాళ్లకు మరో 25 డాలర్లు అదనంగా ఇచ్చారు. పుస్తకానికి ధర ఉంటుంది, ఇచ్చేస్తారు. మార్జిన్‌లో రాసుకున్న ఆలోచనకు 25 డాలర్లని ఎవరు లెక్కగట్టారో మరి!

డబ్బా కడుపులో ఏముంది?

ఇంటి సర్వర్‌కు కొత్త కంప్యూటరే కావాలని లేదు. పదేళ్లనాటి లాప్‌టాప్ చాలు. అది కూడా లేకపోతే రాస్ప్‌బెర్రీ పై. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన మిత్రులు బడిపిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడం కోసం తయారుచేసిన బుల్లి కంప్యూటర్ ఇది. 2012 ఫిబ్రవరి 29న బయటికొచ్చింది. అప్పటి ధర 35 డాలర్లు. సైజు ఇంచుమించు పేకముక్కంత. పిల్లలకని చేసింది కాస్తా పెద్దల చేతికి చిక్కి ఇళ్లలో సర్వర్‌గా మారింది.

దాని మీద నడిచే ప్రోగ్రాములకూ పైసా ఖర్చు లేదు. ఫైళ్లు, క్యాలెండర్లు, ఫోను నంబర్లు దాచడానికి 2016లో మొదలైన నెక్స్ట్‌క్లౌడ్ ఉంది. ఫొటోలకు 2022లో వచ్చిన ఇమిచ్. సినిమాలు, వీడియోలు టీవీలో చూసుకోవడానికి 2018 చివర్లో పుట్టిన జెల్లీఫిన్. ఈ-పుస్తకాలు సర్దుకోవడానికి క్యాలిబర్. ఈ చివరిదాన్ని తయారుచేసింది కోవిద్ గోయల్ అనే భారతీయుడు. 2006లో సోనీ కంపెనీ ఈ-బుక్ రీడర్ కొన్నాక, అది లైనక్స్‌లో పనిచేయకపోతే ఆయన సొంతంగా ప్రోగ్రాము రాసుకున్నారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు.

మరి కరెంటు బిల్లో? లెక్క తేలికే. వెయ్యి వాట్లు గంటసేపు కాలితే ఒక యూనిట్. రాస్ప్‌బెర్రీ పై 5 వాట్లు తీసుకుంటుందనుకుంటే, నెలకు 720 గంటలు నడిస్తే 3.6 యూనిట్లు. పాత లాప్‌టాప్ 20 వాట్లు అయితే 14.4 యూనిట్లు. అదే పాత డెస్క్‌టాప్ 70 వాట్లు లాగితే 50 యూనిట్లు దాటుతుంది. శ్లాబు మారిపోయేంత! కాబట్టి అటక మీది డెస్క్‌టాప్‌ను దించేముందు మీటర్ వైపు ఓసారి చూడాలి. లాప్‌టాప్‌కు ఇంకో సుగుణం ఉంది. కరెంటు పోయినా దాని బ్యాటరీయే దానికి ఇన్వర్టర్. అయితే ఏళ్లతరబడి ఛార్జింగ్‌లోనే ఉంటే పాత బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బినట్టు కనిపిస్తే తీసేయాల్సిందే, మొహమాటం పనికిరాదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇంట్లో వైఫై మీద అన్నీ చకచకా నడుస్తాయి. వీధి చివరికెళ్లి ఫోను తీస్తే మాత్రం ఏమీ రాదు. ఎందుకంటే చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒక్కో ఇంటికి ఒక్కో చిరునామా ఇవ్వవు. వందల ఇళ్లకు కలిపి ఒకే చిరునామా. ఫ్లాటు నంబరు లేకుండా అపార్ట్‌మెంట్ పేరుతో ఉత్తరం వస్తే వాచ్‌మన్ ఏం చేస్తాడు? గేటు దగ్గరే పడేస్తాడు. ఇదీ అంతే. లోపలివాళ్లు బయటికి వెళ్లొచ్చు, బయటివాళ్లకే లోపలికి దారి తెలియదు. దీనికి మందు వైర్‌గార్డ్, టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేటు సొరంగాలు. ఇంట్లోవాళ్ల ఫోన్లకు మాత్రమే తెలిసిన దొడ్డిదారి అనుకోవచ్చు. అసలు ద్వారం బార్లా తెరిచి లోకానికంతటికీ 'రండి' అని పిలవడం కన్నా ఇదే క్షేమం. తెరిచిన తలుపును వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో రేయింబవళ్లు గస్తీ కాస్తుంటాయి.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా అసలు పరీక్ష పెట్టేది హ్యాకర్లు కాదు, ఇంట్లోవాళ్లే! హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి ఏలూరులో అమ్మానాన్నల ఇంట్లో సర్వర్ పెట్టి వచ్చాడనుకుందాం. మర్నాడే ఫోను.

''అమ్మా, ఆ డబ్బా లైటు వెలుగుతోందా?''

''లేదురా. పచ్చడి రుబ్బుదామని మిక్సీ పెట్టాను. ఉన్నది ఆ ఒక్క ప్లగ్గేగా!''

సాంకేతిక పరిజ్ఞానం ఎంత ఎదిగినా వంటింటి ప్లగ్గు ముందు తలవంచాల్సిందే.

ఫైలు ఉంది... అక్షరమే లేదు

చదివే అలవాటున్నవాళ్లకు ఈ డబ్బా ఇంకో రకంగా అక్కరకొస్తుంది. తెలుగు పాత పుస్తకాల కథ వింటే ఎందుకో అర్థమవుతుంది.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో పరిశోధనలకు 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి ఒక కల కన్నారు. పది లక్షల పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఎవరైనా ఉచితంగా చదువుకునేలా చేయాలని. ఆ ప్రయత్నంలో భాగంగా 2000 దశకంలో మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా రూపుదిద్దుకుంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు చేయివేశాయి. లైబ్రరీ బీరువాల్లో చెదలకు వదిలేసిన తెలుగు పుస్తకాలెన్నో స్కానరు కిందికి వచ్చాయి. పేజీలు కొన్ని వంకర, కొన్నిటి మీద వేలిముద్రలు, కొన్ని తలకిందులు. అయినా దొరికాయి, అదే పదివేలు.

2010లు సగం దాటాక ఆ సైటు తెరుచుకోవడం మానేసింది. అప్పటికే కొందరు ఆ పుస్తకాల కాపీలు తీసి పెట్టారు కాబట్టి సరిపోయింది. నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను 2017లో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చారు. ఇప్పుడు తెలుగు పరిశోధకులు, పాఠకులు ఆధారపడుతున్నది ఎక్కువగా ఆ కాపీల మీదే. పోనీ అక్కడైనా దిగుల్లేదా అంటే, 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి ఆ ఆర్కైవ్ కూడా కొన్నాళ్లు మూతపడింది. మళ్లీ తెరుచుకుంది. ఒక్కచోటే ఉన్నది ఎప్పుడైనా పోవచ్చు, నలుగురి ఇళ్లలో ఉన్నది అంత తేలిగ్గా పోదు. తాళపత్రాల కాలం నుంచీ పుస్తకం బతికింది ఇలాగే. ఒకరి దగ్గర చూసి ఇంకొకరు రాసుకుంటేనే!

కాపీ అనగానే హక్కుల మాట కూడా చెప్పుకోవాలి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లపాటు హక్కులు వారసులవి. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలు ఎవరైనా దాచుకోవచ్చు, అచ్చువేసుకోవచ్చు. 1979లో పోయిన చలం రచనలకైతే 2039 ముగిసేదాకా ఆగాలి. సొంత సర్వర్ ఉంది కదా అని పరాయి సొత్తు నింపుకోవడం సొంతిల్లు కట్టుకుని పక్కింటి కరెంటు లాక్కోవడం లాంటిదే.

ఫైలు దాచుకుంటే చాలదని తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. 1990ల్లో, 2000ల్లో డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కట్టిన పుస్తకాలు ఎన్నో! ఆ సీడీ ఇప్పటికీ బీరువాలో ఉండొచ్చు. తెరిస్తే మాత్రం అక్షరాల బదులు పిచ్చిగీతలు. ఫాంటు లేదు, ఆ పాత ప్రోగ్రాము లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఇళ్లకూ డీటీపీ సెంటర్లకూ అది చేరడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా పత్రికకో ఫాంటు, ప్రెస్సుకో ఫాంటు. అందుకే తాతగారి కవితలో, అమ్మ రాసిన వంటల నోట్సో కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు యూనికోడ్‌లో, సాదా టెక్స్ట్‌గా ఒక కాపీ ఉంచుకోవడం మేలు. పక్కనే పీడీఎఫ్ ఉంటే మంచిదే. అయితే స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను ఆరంగుళాల రీడర్‌లో తెరిస్తే అక్షరాలు ఆవగింజలంత కనిపిస్తాయి. టెక్స్ట్ అయితే కళ్లజోడు మార్చకుండా అక్షరం పెంచుకోవచ్చు. బొమ్మను అక్షరంగా మార్చే ప్రోగ్రాములు తెలుగు ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర ఇప్పటికీ తడబడుతుంటాయి. తెలుగు వికీసోర్స్‌లో కొందరు స్వచ్ఛందంగా కూర్చుని పేజీ పేజీ సరిచూస్తున్నారు. తీరిక ఉన్న రిటైరైనవాళ్లకు ఇంతకన్నా మంచి కాలక్షేపం ఉండదు.

పక్కింటి అరుపు ముందు... మన సిక్సరు తర్వాత

2024 జూన్ 29 రాత్రి. టీ20 ప్రపంచకప్ ఫైనల్. దక్షిణాఫ్రికాకు ఆఖరి ఓవర్లో 16 పరుగులు కావాలి. హార్దిక్ పాండ్యా మొదటి బంతి వేయబోతున్నాడు. ఫోనులో మ్యాచ్ చూస్తున్నవాళ్లు ఊపిరి బిగబట్టారు. అంతలో పక్క ఫ్లాటులోంచి ఒకటే కేక! ఇక చూడ్డానికి ఏముంది? బౌండరీ దగ్గర సూర్యకుమార్ యాదవ్ పట్టిన ఆ క్యాచ్ ఫోను దాకా వచ్చేసరికి మిల్లర్ అవుటన్న సంగతి వీధి వీధికీ తెలిసిపోయింది. 7 పరుగుల గెలుపులో గొప్ప ఘట్టం కొందరికి పాత వార్తగా చేరింది.

తప్పు ఫోనుది కాదు. డిష్ టీవీల సిగ్నలు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి ఎక్కి దిగడానికి పావు సెకను పడుతుంది. మిగతా కాస్త ఆలస్యం దాన్ని కుదించి, విప్పడంలో జరుగుతుంది. ఇంటర్నెట్ దారి వేరు. వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. మధ్యలో ఆగిపోకుండా ఫోను రెండు మూడు ముక్కలు ముందే తెచ్చి దాచుకుని, అప్పుడు చూపిస్తుంది. ముక్క 6 సెకన్లయితే మూడు ముక్కలకే 18 సెకన్లు. తయారీ, ప్రయాణం కలిపితే అరనిమిషం అయినా ఆశ్చర్యం లేదు. ఇంట్లో ఎంత ఖరీదైన రౌటర్ పెట్టినా ఈ ఆలస్యం పెద్దగా తగ్గదు. తగ్గించే ఉపాయాలున్నా అవి ప్రసారం చేసేవాళ్ల చేతిలోనివే.

భారత జట్టు ఆడే వన్డేలు, టీ20లు చూడాలంటే ఇంకో పాత దారి ఉంది. దూరదర్శన్! ముఖ్యమైన ఆటల సిగ్నలును ప్రసార భారతితో పంచుకోవాలని 2007లో చట్టం వచ్చింది. అయితే ఆ ఉచిత సిగ్నలు దూరదర్శన్ సొంత ప్రసారాలకు, ఫ్రీ డిష్‌కే పరిమితమనీ, ప్రైవేటు కేబుల్, డీటీహెచ్‌లకు కాదనీ సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. నెలసరి చందా లేని చిన్న గొడుగు ఒకటి డాబా మీద ఉంటే ఆ రోజు పక్కింటివాళ్ల కన్నా ముందు అరిచే అవకాశం ఉంది.

ఆటకు మాత్రం దాచుకునే ఆశ ఎందుకు? 1983 జూన్ 18 గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద భారత్ 17 పరుగులకు 5 వికెట్లు పోగొట్టుకుంది. అక్కడి నుంచి కపిల్‌దేవ్ 175 నాటౌట్. జట్టు స్కోరు 266, గెలుపు 31 పరుగులతో. వారం తిరిగేసరికి ప్రపంచకప్ మన చేతిలో. కానీ ఆ ఇన్నింగ్స్ వీడియో లేదు. ఆ రోజు అక్కడ టీవీ కెమెరాలు లేవు. మైదానంలో ఉన్న కొద్దివేలమంది చూశారు, మిగతా దేశమంతా నాలుగు దశాబ్దాలుగా ఊహించుకుంటోంది. దాని పక్కన 2001 మార్చి 14 పెట్టి చూడండి. కోల్‌కతాలో లక్ష్మణ్, ద్రవిడ్ రోజంతా వికెట్ పడకుండా ఆడారు. అప్పటికి పుట్టని పిల్లలు కూడా హైదరాబాదీ మణికట్టు విసురును ఇవాళ కళ్లారా చూస్తున్నారు. రెండూ గొప్ప ఇన్నింగ్సే. ఒకటి దాచారు, ఒకటి దాచలేదు. అంతే తేడా.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఇంతవరకూ చెప్పుకున్నవన్నీ ఎక్కడో ఒకచోట మళ్లీ దొరకొచ్చు. ప్రపంచంలో ఇంకెక్కడా దొరకనివి కొన్ని ఉంటాయి. పోయిన నాన్న వాట్సాప్‌లో పంపిన గొంతు... ''చిట్టితల్లీ, బస్సెక్కావా? సీటు దొరికిందా?'' పదిహేను సెకన్లు కూడా ఉండదు. అది ఒకే ఒక్క పాత ఫోనులో ఉంటుంది. ఆ ఫోను బకెట్ నీళ్లలో పడేదాకా ఆ మాట ఎవరికీ గుర్తురాదు.

కాబట్టి మొదట దాచాల్సింది సినిమాలు కావు, ఆ పదిహేను సెకన్లు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ చెప్పిన 3-2-1 సూత్రం ఇక్కడ పనికొస్తుంది. ముఖ్యమైన దానికి మూడు కాపీలు. రెండు వేర్వేరు రకాల సాధనాల్లో. అందులో ఒకటి ఇంకో ఊళ్లోనో, ఇంకో ఇంట్లోనో. ఇంటి సర్వర్‌లో ఒకటి, బీరువాలో పెట్టే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఒకటి, అక్క వాళ్లింట్లోనో అద్దెకు తీసుకున్న క్లౌడ్‌లోనో ఒకటి. ఒకే డబ్బాలో రెండు డిస్కులు పెట్టి అద్దంలా ఒకదాన్ని చూసి ఒకటి రాసుకునేలా చేస్తే చాలదా అని కొందరి అనుమానం. చాలదు. పొరపాటున ఒకదాంట్లో చెరిపేస్తే అద్దం కూడా చెరిపేస్తుంది. మిక్సీ ప్లగ్గు దగ్గర కరెంటు ఎగదన్నితే రెండూ ఒకేసారి పోతాయి. అంటే క్లౌడ్ శత్రువేం కాదు. అదొక్కటే దిక్కు అనుకోవడంతోనే చిక్కు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఒకటుంది. దాని గురించి ఇంటి సర్వర్ పెట్టుకున్నవాళ్లు సాధారణంగా మాట్లాడరు. డబ్బా నడిపేది ఇంట్లో ఒక్కరే. పాస్‌వర్డులు వాళ్ల బుర్రలోనే. డిస్కుకు రహస్యలిపి తాళం వేసింది వాళ్లే. రేపు ఆ మనిషే లేకపోతే? క్లౌడ్‌లో ఉన్న ఫొటోలు ఎలాగోలా తీసుకోవచ్చేమో కానీ, ఇంట్లో కళ్లెదుట ఉన్న డబ్బా రాతిబండతో సమానం. పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది, లోపలికి దారి ఉండదు.

పెద్ద కంపెనీలకు ఈ సంగతి తెలుసు. రెండేళ్లు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను తొలగించే పద్ధతిని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమల్లో పెట్టింది. దానికి విరుగుడు కూడా తనే 2013లో ఇచ్చింది. 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' అనే సదుపాయం. ఇన్ని నెలలు నా అలికిడి లేకపోతే ఫలానా వాళ్లకు నా ఫొటోలు ఇవ్వండి అని ముందే రాసిపెట్టుకోవచ్చు. యాపిల్ ఫోన్లలో 2021 చివరి నుంచి 'లెగసీ కాంటాక్ట్' ఉంది. రెండూ పది నిమిషాల పని. చేసినవాళ్లు ఎందరు? చావు మాట ఎత్తితే అపశకునం అనుకునే ఇళ్లలో ఫోను సెట్టింగుల్లో ఆ మాట ఎత్తడం ఇంకా కష్టం. కానీ ఎల్ఐసీ పాలసీకి నామినీ పేరు రాసేటప్పుడు ఎవరూ అపశకునం అనుకోరు కదా!

ఇంటి సర్వర్‌కు అలాంటి ఫారం ఎవరూ పంపరు. ఎవరికి వారే రాసుకోవాలి. ఒక చిన్న నోటు పుస్తకం చాలు. డబ్బా ఎక్కడుంది, ఎలా ఆపాలి, ఎలా వెలిగించాలి, పాస్‌వర్డు ఏమిటి, హార్డ్‌డిస్క్ ఏ అరలో ఉంది, సాయం కావాలంటే ఏ స్నేహితుణ్ని అడగాలి... తేట తెలుగులో, కంప్యూటర్ భాష లేకుండా రాయాలి. రాశాక దాన్ని ఇంట్లో కంప్యూటర్ అంటే ఆమడ దూరం ఉండే మనిషి చేతికిచ్చి, ''పోయిన సంక్రాంతి ఫొటోలు తీసి చూపించు'' అనాలి. పక్కన నిల్చుని చెప్పకూడదు. ఎక్కడ ఆగిపోతారో అక్కడ ఇంకో వాక్యం రాయాలి. ఆ మనిషి అత్తగారైనా, పదో తరగతి చదివే అమ్మాయైనా ఎవరి సాయం లేకుండా ఫొటో తెరిచిన రోజునే ఆ సర్వర్ నిజంగా ఇంటిదైనట్టు. అప్పటిదాకా అది ఒక్కరి బొమ్మే.

ఆ నోటు పుస్తకాన్ని కంప్యూటర్‌లో దాచకూడదు. ఇంటి దస్తావేజులు, రేషన్ కార్డు, పాలసీ బాండ్లు ఉండే బీరువా అరలో పెట్టాలి. ఏటా ఒకసారి, ఏ ఉగాది ముందు రోజో ఇల్లు దులిపేటప్పుడు బయటికి తీసి, మారిన పాస్‌వర్డు కొట్టేసి కొత్తది రాయాలి. అందుకు కావలసిందల్లా ఒక బాల్‌పెన్ను.